ఇంజను ముఖానికి నామం

మా కారు ఆగిన చోటల్లా ఒంటికి పోసేది. ఈ మాట నాది కాదు. పాలకోడు పక్కన ఒక రైతు ఇంటికి టమాటా నారు దించడానికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి పెద్దామె తన కొత్త సిమెంటు వాకిట్లో నల్లటి మడుగు చూసి అన్నది. "ఏమ్మా, నీ బండికి చిన్నప్పుడు ఎవురూ నేర్పలేదా? యాడ నిలిపితే ఆడ ఒంటికి పోస్తా ఉంది!" నారు దించుతున్న కూలివాళ్ళు పకపకా నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది.

మర్నాటి నుంచి ఎక్కడ ఆపినా ఇంజను కింద ఒక ఖాళీ నారు ట్రే పెట్టడం మొదలుపెట్టాను. నారు ట్రేలో ప్రతి గుంటకూ అడుగున చిల్లు ఉంటుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఏళ్ళ తరబడి ఆ ట్రేలలోనే నారు పెంచి అమ్ముతున్నదాన్ని. అయినా కోపం వస్తే నా బుర్ర పనిచేయదు. ఇంతకుముందు ఒక్క మడుగు ఉన్నచోట ఇప్పుడు వరస తప్పకుండా చుక్కల ముగ్గు పడుతోందని మూడోరోజు గమనించి, ట్రేను గిరాటేసి, వంటనూనె డబ్బా ఒకటి సగానికి కోయించి కారులో పడేసుకున్నాను. పసిబిడ్డ తల్లి గుడ్డలు మోసుకు తిరిగినట్టు ఆ డబ్బాతో ఊళ్ళు తిరిగాను.

కారు కొన్నప్పటికే పాతది. తమిళ వైపు ధర్మపురి జిల్లాలో, ఇండూరు దగ్గర మా పొలంలో ఆకుపచ్చ వల కట్టి నారు పెంచి, ఆ సంపాదనతో నేను కొనుక్కున్నది. వెనక సీటు పీకించి ట్రేలు పెట్టుకునేలా చేయించుకున్నాను. నలభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను. అంతకుముందు నన్నూ నా నారునూ ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా మా ఆయనే. ఆయన నోట ఒక మాట ఉంది: "ఇదో వచ్చేస్తి." ఆ 'ఇదో' పాలు పితికే వేళ మొదలైతే అన్నం వేళకైనా ముగిసేది కాదు. ట్రేలు గట్టు మీద పెట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని, నారు వాడిపోతుంటే నీళ్ళు చిలకరిస్తూ నేను ఎన్ని 'ఇదో'లు చూశానో ఆ పెరుమాళ్ళకే ఎరుక. కారు వచ్చాక ఆ పీడ వదిలింది. నాకు ఆ కారంటే ప్రాణం. దాని అందం చూసి కాదు, అది నన్ను ఎవరి కోసమూ కాచుకోనివ్వలేదు కాబట్టి.

ఎండాకాలంలో ఒకరోజు, పుల్ల గుచ్చి చూస్తే ఇంజను ఆయిలు కొంచెం తక్కువగా కనబడింది. నేనే కొని తెచ్చి, మొదటిసారి నా చేతులతో మూత తీసి పోశాను. మూత ఒకసారి చేజారి వాకిట్లో దొర్లింది కూడా. తీసి, చీర చెంగుతో తుడిచి బిగించాను. ఆ వారంలోనే కారడం మొదలైంది. "ఆడోళ్ళు చెయ్యి పెడితే అంతే" అన్నాడు మా ఆయన. ఆ మాటకు నేను మూడు రోజులు ఆయనతో పలకలేదు. ఆయన నాలుగో రోజున గమనించాడు.

ధర్మపురిలో మొదటి మెకానిక్కు కారు కింద పడుకుని, రెండు నిమిషాల్లో బయటికి జరిగి, "చాంబర్ ప్యాకింగ్ పోచ్చు అక్కా" అన్నాడు. చాంబర్ అంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి. ప్యాకింగ్ అంటే ఆ తొట్టికీ ఇంజనుకూ మధ్య ఉండే పల్చటి అట్ట. సెరి అన్నాను. మార్చాడు. ఇండూరు చేరి ఆపగానే డబ్బాలో చుక్క పడింది. రెండో మెకానిక్కు ఇంకా పెద్దవాడు, కళ్ళద్దాలవాడు. అతనూ కిందే పడుకున్నాడు. "అదు ఇల్లక్కా, సీల్ పోచ్చు" అన్నాడు, అది కాదట. సీలూ మార్చాడు. కారడం మాత్రం ఆగలేదు. పోచ్చు అంటే పోయింది అని. మా ధర్మపురి మెకానిక్కుల చదువంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఏది పోయిందో వాళ్ళు చెబుతారు, పోయేదంతా మనది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పళ్ళెంలో చెయ్యి పెట్టుకునే నవ్వాడు. "నీకు ఇద్దురూ నామం పెట్టినారు పో" అన్నాడు. మా వైపు తెలుగులోనైనా తమిళంలోనైనా నామం పెట్టడం అంటే మోసం చేయడమే. "పెట్టనీ, నా నుదురు, నా నామం" అన్నాను. అప్పటికి కోపమే గానీ భయం లేదు. ఆయన మజ్జిగ నోట్లో పోసుకుని ముఖం చిట్లించి, "ఏంది, మజ్జిగ కూడా మెకానిక్కు షెడ్డు వాసన కొడతా ఉంది?" అన్నాడు. మా అత్త వంటింట్లో నుంచే, "ఆ కారు వాసన ఇల్లంతా పట్టింది నాయనా, మజ్జిగను అంటే ఏం లాభం" అని జవాబిచ్చింది.

మా అత్త గురించి చెప్పాలి. మేమిద్దరం ఒక ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా పోట్లాడుకుంటున్నాం, ఒక్కరోజూ సెలవు తీసుకోకుండా. ఆమెకు డెబ్భై దాటాయి. మోకాళ్ళు పనిచేయవు గానీ నోరు ఇరవై ఏళ్ళ పడుచు. కారు కొన్నప్పుడు "ఆడది బండి తోలితే వాన పడదు" అన్న మనిషి, పడిన వాన తగ్గకముందే అందులో ఎక్కి పాపిరెడ్డిపట్టిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి ముందు సీటు ఆమెదే. ఒళ్ళో ఒక ఇత్తడి మరచెంబు, దాని నిండా చెల్లెలికి మజ్జిగ. మిగతా రోజుల్లో మా ఇంటి మజ్జిగ కూడా అందులోనే. ఆ చెంబు మూత ఎంత తిప్పినా కారేది, దిగేసరికి ఆమె చీర తడిసి ఉండేది. ఈ మధ్య కారడం మానేసింది. "సూడు, నా చెంబును నేనే బాగు చేసుకుంటిని. ఏ మెకానిక్కు దగ్గరికీ పోలేదు" అని దారి పొడవునా నన్ను దెప్పేది. నేను గేరు మార్చి ఊరుకునేదాన్ని.

పురటాసి నెల వచ్చింది, తమిళ లెక్కలో దసరా పడే నెల. ఒకరోజు మా ఆయన ధర్మపురి నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే ఇంట్లో ఏదో ఒకటి అమ్ముడుపోతుందని అర్థం.

"పాత బండ్లు కొనే ఆయనతో మాట్లాడినాను. దసరా నాడు పొద్దున వస్తానన్నాడు. అప్పటికి కారడం నిలిచిందా, సెరి, ఉండనీ. నిలవలేదా, తోలుకొని పోతాడు. ఊరోళ్ళు నవ్వుతా ఉండారు."

"అప్పుడు నా నారు?"

"నేను లేనా? ఫోన్ కొట్టు. ఇదో వచ్చేస్తి అంటా."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు, అదే ఇంకా మండింది. మళ్ళీ గట్టు, మళ్ళీ ఎండ, మళ్ళీ వాడిపోయే నారు. చేతిలో ఉన్న చీపురు కిందపడేసి పొలానికి వెళ్ళిపోయాను. ఆరోజు ట్రేలకు నీళ్ళు పోస్తూ ఏడ్చాను. ఏడ్చానని రాయడానికి నాకేం సిగ్గు లేదు.

మూడో మెకానిక్కు ఊరి చివరి షెడ్డులో ఉండే కుర్రతనం పోయిన బక్క మనిషి. ఇతను కింద పడుకోలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. ఇంజను అంతా మసితో నల్లగా అట్టగట్టి ఉంటే ఎక్కడ కారుతోందో బ్రహ్మకైనా తెలియదని చెప్పి, డీజిలు కొట్టి, బ్రష్షుతో రుద్ది, గాలి పట్టి, ఇంజనును కొత్త గిన్నెలా తోమి ఇచ్చాడు. "రెండు రోజులు ఓట్టి పారుంగ అక్కా. తిరుమ్బ ఒళుగినా, ఇంజన్ ఎరక్కణుం" అన్నాడు. రెండు రోజులు నడిపి చూడు, మళ్ళీ కారితే ఇంజను కిందికి దించాలి అని. దేవుణ్ణి తేరు మీద నుంచి దించినంత తేలిగ్గా అన్నాడు. నేను కారు తోలుకొచ్చింది ఆయుధపూజ ముందు రోజు. ఇక రెండు రోజులు ఎక్కడా స్పానరు ముట్టేవాడు ఉండడు, విడిభాగాల అంగళ్ళు తెరవరు. ఎల్లుండి పొద్దున ఆ పాత బండ్ల మనిషి వస్తాడు. నాకు మిగిలింది ఒక్క రోజు.

ఆయుధపూజ పొద్దున్నే అత్త నామంగడ్డ అరగదీసి కూర్చుంది. మాది పెరుమాళ్ళను కొలిచే ఇల్లు. వేటకొడవలికి నామం, మోటారు స్విచ్చు పెట్టెకు నామం, రుబ్బుడు యంత్రానికి నామం, నా కుట్టుమిషనుకు నామం. కుక్కర్ను కూడా వదల్లేదు. కారు దగ్గరికి వచ్చి, బానెట్టు మీద నేను పెట్టబోతున్న చుక్క చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, పైరేకుకు పెడతావేంది? లోపలుండే దానికి గదా పూజ?"

"అందురూ ఇట్లే పెడతారత్తా."

"అందురూ గాడిదలు. నువ్వు బొట్టు ముఖానికి పెట్టుకుంటావా, రవికకు పెట్టుకుంటావా? తియ్ ఆ మూత!"

పండగ పూట పోట్లాట ఎందుకని బానెట్టు ఎత్తాను. లోపల తోమిన ఇంజను తళతళలాడుతోంది. అత్త మునివేళ్ళ మీద లేచి, ఏది ముఖమో కాసేపు వెతికి, నడుం దగ్గర పెడితే తప్పని, నెత్తి భాగంలో ఎదురుగా ఉన్న చదునైన ఇనుము మీద పెద్ద నామం దిద్దింది. రెండు తెల్ల నిలువు గీతలు, మధ్యలో ఎర్ర తిరుచూర్ణం. "ఇప్పుడు సూడు, ఎంత కళగా ఉందో" అంది. మా ఆయన అరుగు మీద నుంచి, "ఇంతకాలం మెకానిక్కులు నీకు నామం పెట్టినారు, ఇప్పుడు మీరిద్దరూ బండికి పెట్టినారా!" అని పడీపడీ నవ్వాడు. నవ్వినన్నాళ్ళు నవ్వనీ అనుకున్నాను.

చక్రాల కింద నిమ్మకాయలు నలిపించి, అత్తను ఎక్కించుకుని, ఊరంతా ఒక చుట్టు తిరిగి, ధర్మపురి దాకా పోయి పెరుమాళ్ళ గుడి ముందు ఆపి, కర్పూరం వెలిగించి తిరిగొచ్చాను. ఇంటి ముందు ఆపి డబ్బా పెడుతుంటే టప్పున చుక్క పడింది. నా గుండె అంతకంటే గట్టిగా పడింది. అయిపోయింది, రేపు పొద్దున తోలుకొని పోతాడు. వెళ్ళి బానెట్టు ఎత్తాను. ఎందుకు ఎత్తానో నాకే తెలియదు, పోయేవాళ్ళ ముఖం చివరిసారి చూసినట్టు.

నామానికి నాలుగో గీత ఉంది.

తెల్లగీతకూ ఎర్రగీతకూ నడుమ, సన్నగా, నల్లగా, తళతళలాడుతూ ఒక ఆయిలు చార. కింది నుంచి కాదు, పై నుంచి వచ్చింది. వేలు పెట్టి చార వెంబడి పైకి పోయాను. నామం దాటి, అంచు దాటి, తిన్నగా ఆయిలు పోసే గుండ్రటి మూత దగ్గరికి పోయింది నా వేలు. కింద కారుతోందని ఇద్దరు మెకానిక్కులు కిందే పడుకుని చూశారు. కారేది మాత్రం నెత్తి మీద నుంచి.

"అత్తా!" అని అరిచాను. ఆమె మోకాళ్ళ సంగతి మరిచిపోయి పరిగెత్తుకొచ్చింది. చూసి, రెండు చేతులూ జోడించింది. "పెరుమాళ్ళే గీసి చూపించినాడే!" అంది. ఆయన గీసింది ఆమె పెట్టిన నామం మీద కాబట్టి పుణ్యంలో సగం తనదేనని కూడా వెంటనే అంది.

మూత తీసి, లోపలి వైపు ఫోటో తీసి బక్క మెకానిక్కుకు పంపాను. పూజలో ఉన్నాడేమో, కాసేపటికి ఫోన్ చేశాడు. "అక్కా, వాషర్ ఎంగే?" అన్నాడు, వాషర్ ఎక్కడ అని. మూత లోపల నల్లటి రబ్బరు చుట్టు ఒకటి ఉండాలట. మరచెంబుకు ఉంటుంది చూడండి, అలాంటిది అన్నాడు.

అలాంటిది అనగానే నేను తల తిప్పి అత్తను చూశాను. ఫోన్ స్పీకరులో ఉంది. అత్త నన్ను చూడలేదు. నేల చూసింది, కొట్టంలో ఆవును చూసింది, కొంగు సర్దుకుంది. అప్పుడు నాకు అన్నీ వరసగా గుర్తొచ్చాయి: ఎండాకాలంలో చేజారి దొర్లిన మూత, ఉన్నట్టుండి కారడం మానేసిన చెంబు, షెడ్డు వాసన కొట్టే మజ్జిగ.

"వాకిలి ఊడుస్తా ఉంటే దొరికిందే" అంది అత్త, నెమ్మదిగా. "మంచి రబ్బరు, పారేసేదెందుకని... చింతపండేసి తోమినాను. ఉడకబెట్టినాను గూడా. నీ బండిదని సత్తియంగా తెల్దు."

ఇరవై ఆరేళ్ళలో నా చేతికి అంత పెద్ద ఆయుధం ఎన్నడూ దొరకలేదు, అదీ ఆయుధపూజ నాడు. నోరు తెరిచాను. చాంబరు, సీలు, ఊరివాళ్ళ నవ్వులు, ట్రేల మీద కారిన నా కన్నీళ్ళు, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. కానీ ఆ రబ్బరు జారవిడిచింది ఎవరు? నేనే కదా. పైగా ఆమె అప్పటికే లోపలికి పోయి, చెంబు తెచ్చి, మూత తిప్పి, రబ్బరు ఊడదీస్తోంది. కొంగుతో మజ్జిగ తుడిచి, నా అరచేతిలో పెట్టింది. "పోట్లాడితే అప్పురం పోట్లాడుకుందాం. ముందు బండికి వెయ్" అంది.

"ఈ పొద్దు ఆయుధం ముట్టకూడదు గదా అత్తా?"

"చేత్తో తిప్పేదానికి ఆయుధమెందుకే!"

రబ్బరు మూతలో చక్కగా కూర్చుంది. ఇన్ని నెలలు పుల్ల మజ్జిగలో నానినా దానికేం కాలేదు, మన ఆరోగ్యాల సంగతే తెలియదు. మూత బిగించాను. పాత ఆయిలంతా తుడిచాను. అత్త మాత్రం అంతటితో వదల్లేదు. కారు వెనక్కి తీయించి, ఇంజను వచ్చే చోట నేల కడిగి, పిండితో ఇంత పెద్ద ముగ్గు వేసి, దాని మీదికి కారు తోలమంది. డబ్బా పెట్టొద్దంది. "రేపు వాడొస్తే ముగ్గే చెబుతుంది" అంది. మా ఆయనకు మేమిద్దరమూ ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఆయన మజ్జిగ తాగి, "ఈ పొద్దు బాగుందే" అంటే, అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు.

దసరా పొద్దున పాత బండ్ల మనిషి బైకు మీద వచ్చాడు. నేను కారు వెనక్కి తీశాను. ముగ్గు వేసింది వేసినట్టే తెల్లగా ఉంది. చీమలు తప్ప దాన్ని ఎవరూ ముట్టలేదు. మా ఆయన వంగి చూశాడు, గొంతుక్కూర్చుని చూశాడు, వేలితో ముట్టి వాసన కూడా చూశాడు.

"ఎట్ల నిలిచింది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "నామం పెట్టినాం గదా నాయనా. నువ్వు నవ్వితివే." వచ్చినాయనకు కాఫీ ఇచ్చి పంపించాం.

ఆ రోజే పాపిరెడ్డిపట్టి ప్రయాణం కట్టాం. అత్త ముందు సీట్లో కూర్చుంది, మరచెంబు ఒళ్ళో పెట్టుకుని. మా ఆయన కండువా వేసుకుని గేటు దగ్గరికొచ్చి, తననూ ఇండూరులో దింపమన్నాడు. వెనక సీటు లేదు కదా, ట్రేల మధ్య గొంతుక్కూర్చోవాలి. కూర్చుంటానన్నాడు. నేను తాళాలు మరిచిపోయినట్టు దిగి, లోపలికి పోతూ, "ఇదో వచ్చేస్తి" అన్నాను. పావుగంట పట్టింది. ఇంకా పట్టేదే, అత్త హారను కొట్టింది.

ఆయన్ని దింపేశాక రోడ్డు ఖాళీ అయింది. గుంతలో చక్రం పడినప్పుడల్లా చెంబు మూత కింద నుంచి మజ్జిగ చిమ్ముతోంది. అత్త మూతను అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి కారి చీర మీద పడుతోంది, దసరాకని కట్టిన కొత్త చీర.

"రేపు అంగళ్ళు తెరుస్తారత్తా. నీ చెంబుకు కొత్త రబ్బరు తెస్తాను" అన్నాను.

"తొందరేం లేదులే, మెల్లగా తేవచ్చు" అంది అత్త, చెయ్యి తీయకుండా. "కారితే నాకు అరచెయ్యి ఉంది. పాపం, బండికి లేదు గదా."